మూడో ప్రూఫు

పాతపట్నం మీదుగా వచ్చిన బస్సు
కవరుని పాన్‌షాపులో పడేసి పోయింది.
మూడో ప్రూఫు.
నూట పన్నెండు పేజీల్లో
ఎర్రసిరా తగలనివి నాలుగు,
అందులో రెండు ఖాళీవి.

నేను కరెంటు మీటర్లు చదివేవాణ్ణి.
పర్లాకిమిడిలో ఏ గోడ వెనక ఏ అంకె తిరుగుతుందో చెప్పగలను.
అక్షరాలతో లెక్క ఇదే మొదలు.
కథంతా పాత బిల్లు పుస్తకాల వెనకవైపే రాశాను.
దీపం దగ్గర పట్టుకుంటే
మేక తప్పిపోయే చోట
ఎవరిదో మూడు నెలల బకాయి కనిపిస్తుంది.

బెజవాడ నుంచి దిద్దే ఆయన మంచివాడే.
‘గుంటడు’ కొట్టేసి ‘బాలుడు’ అని పెట్టాడు.
‘బుగత’ పక్కన ప్రశ్నార్థకం.
‘ఏటి సేస్తన్నావు’ కింద రెండు గీతలు,
అంచున సన్నగా: పిల్లలు తప్పు నేర్చుకుంటారు.

ఆ ‘బాలుణ్ణి’ జేబులో వేసుకుని వీధిలోకి వెళ్లాను.
గోలీలాడే చోట వెతికాను.
బాలుడెవడూ లేడు.
గుంటలు పదకొండుమంది ఉన్నారు.
ఒకడు నా సైకిలు గాలి తీశాడు.

కథలో కుర్రాడి పేరు తవిటయ్య.
‘ఆధునికంగా ఏదైనా ఆలోచిస్తారా?’ అని రాశాడాయన.
పుట్టినవాళ్లు పుట్టినట్టే పోతుంటే
వాణ్ణి చేటలో పడుకోబెట్టి
మానెడు తవుడుకి పక్కింటావిడకి అమ్మేసి
మళ్లీ తెచ్చుకున్నారు.
వీడు తవుడు పాటి చెయ్యడులే అని
చావు గడప దగ్గరే వెనక్కి తిరగాలి.
ఆ తల్లి ఆడిన మోసమంతా ఆ మూడక్షరాల్లో ఉంది.
అంచున ‘ఉంచవలెను’ అని మాత్రం రాశాను.
అట్ట మీద నా పేరు కె.టి. రావు.
ఆ ‘టి’ ఏమిటో ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు.

టైపు కొట్టింది బిసోయి వాళ్ల కుర్రాడు.
తెలుగు రాదు. ఆకారం చూసి కొడతాడు,
బియ్యంలో రాళ్లు ఏరినట్టు.
‘మా అక్షరాలకి గొడుగు, మీవాటికి పిలక’ అంటాడు,
టీ తాగుతూ.
ముప్పై ఎనిమిదో పేజీలో
మేకని మేకు చేశాడు.
ఇప్పుడు మహేంద్రతనయ ఒడ్డున
ఒక మేకు గడ్డి మేస్తోంది.
రెండు ప్రూఫులు దాటినా ఎవరికీ కనబడలేదు.

ఎనిమిదో అధ్యాయం తర్వాత పదోది ఎలా వచ్చిందని
ఇంకో ప్రశ్న.
తొమ్మిదోది చదువుతుంటే ఢిల్లేసు నిద్రపోయాడండీ.
మా పక్కింటి గుంటడు. ఐదో తరగతి, ఒడియా మీడియం.
నోట్లో ఉన్నదంతా తెలుగే, కంటికి మాత్రం రాదు.
ప్రతి అధ్యాయం వాడికి వినిపించాకే సాపు రాశాను.
తొమ్మిదో దాంట్లో నాకు నచ్చిన వెన్నెల చాలా ఉండేది.
వాడి గురక విని
పదకొండు కాగితాలూ పొయ్యిలో పెట్టాను.
అంకె దిద్దడం మరిచిపోయాను.

మూడువందల ప్రతులు వేస్తారట.
ఊళ్లో ఎవరికిస్తావు అంటుంది మా ఆవిడ.
మాట్లాడే గుంటలు ప్రతి గుమ్మంలోనూ ఉన్నారు,
చదివేవాళ్లని లెక్కపెట్టడానికి
రెండో చెయ్యి అక్కర్లేదు.
జవాబు చెప్పకుండా కామాలు దిద్దుకుంటున్నాను.

ఢిల్లేసు వచ్చి కాగితాల మీదకి వంగాడు.
వానాకాలంలో సరదాకి పది అక్షరాలు నేర్పాను,
సగం మరిచిపోయుంటాడు అనుకున్నా.
వేలు ముప్పై ఎనిమిదో పేజీ మీద ఆగింది.
‘మే...’
గుటక మింగాడు.
‘క. మేక! దొరికీసిందా మావా?’
మరి పక్కన ఈ కొమ్ము ఏట్రా అన్నాను.
వాడు నన్ను జాలిగా చూశాడు.
‘అది తోక. మేకకి తోకుండదేటి?’

తొలి బస్సు అయిదున్నరకి.
కవరు అంటించేశాను.
ముప్పై ఎనిమిదో పేజీ ఇంకా బల్ల మీదే ఉంది,
ఎర్రకలం మూత తీసే ఉంది.